తవుడు నడిచిన దారి

కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం నేల 100 కోట్ల 75 లక్షలకు పోయింది. ఆ నేలకు దగ్గర్లోనే గండిపేట చెరువు ఉంది. 1908 మూసీ వరద ఊరిని ముంచిన తర్వాత నిజాం సర్కారు కట్టించిన ఉస్మాన్ సాగర్ అది, 1920లో పూర్తయింది. ఇంత నీటి పక్కన ఉన్నా, కోకాపేట అపార్ట్‌మెంట్ల కింద చేపల దుకాణాల్లో మంచు మీద పరచిన బొచ్చె, రవ్వ చాలా మటుకు ఇక్కడి నీళ్లలో పెరిగినవి కావు. కృష్ణా, ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల చెరువుల్లో పెరిగి, రాత్రికి రాత్రి మంచు పెట్టెల్లో లారీ ఎక్కి వచ్చినవి. కొన్నవాళ్లు తూకం వేయించి డబ్బు కట్టి తీసుకుపోతారు. ఆ చేప ఒళ్లు దేనితో తయారయిందో అడిగేవాళ్లు తక్కువ. అది తవుడుతో తయారయింది.

ఈ తవుడు సంగతి మేము రాయడానికి కారణం ఉంది. మేము అంటే కోయ గూడేల నుంచి, లంబాడీ తండాల నుంచి, యానాది, ఎరుకల వాడల నుంచి చదువుకుని వచ్చి ఈ చిన్న పుస్తకంలో రాసుకుంటున్నవాళ్లం. మాలో కొందరికి కోకాపేట, గచ్చిబౌలి వైపు ఉద్యోగాలున్నాయి. ఇంకొందరి చుట్టాలు అక్కడే మేస్త్రీ పనుల్లో ఉన్నారు. రాజేంద్రనగర్ దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్ వే మీద పోతుంటే పక్కన చేప ఆకారంలో ఒక పెద్ద భవనం కనబడుతుంది. అది 2006లో ఏర్పడిన జాతీయ మత్స్యాభివృద్ధి మండలిది. ఆ దారిన పోయేవాళ్లందరూ ఒకసారి తలతిప్పి చూస్తారు. చేపల పెంపకం చరిత్రను శాస్త్రవేత్తల పేర్లతో, పెద్ద రైతుల పేర్లతో రాసినవి మేము చాలా చదివాం. మేత మోసినవాళ్ల వైపు నుంచి రాసింది మాకు దొరకలేదు. అందుకే ఈ ప్రయత్నం.

ముందు రోటి దగ్గరికి పోదాం. వడ్లు దంచితే బియ్యం, నూక, తవుడు, ఊక వస్తాయి. మిల్లు లెక్కలో చెప్పాలంటే నూరు కిలోల వడ్లకు ఊక ఇరవై కిలోల దాకా, తవుడు అయిదు నుంచి ఎనిమిది కిలోల దాకా వస్తుంది. రోకలి పట్టిన ఆడవాళ్లకు చాలా ఊళ్లలో కూలి కింద దక్కేది నూకలూ తవుడే. బియ్యం ఆసామి ఇంటికి పోయేది. తవుడు ఎరుకలవాళ్ల పందులకు, లంబాడీల ఆవులకు కుడితిలోకి పోయేది. ఆకలి రోజుల్లో మనుషులూ తిన్నారు. కోతలయ్యాక పొలంలో పరిగె ఏరుకోవడం, యానాదులు ఎలుక కలుగు తవ్వి అందులో దాచిన వెన్నులు తెచ్చుకోవడం, దంపుడు దగ్గర తవుడు తెచ్చుకోవడం, ఇవన్నీ ఒకే తీరు బతుకు. పంట యజమానికి అక్కర్లేనిది మాకు తిండి. ‘వ్యర్థం’ అనే మాట ఈ లెక్కలో ఎక్కడా లేదు.

తర్వాత మిల్లు వచ్చింది. దంపుడు పనిని కాపాడాలన్న ఉద్దేశం కూడా పెట్టుకుని 1958లో బియ్యం మిల్లుల నియంత్రణ చట్టం చేశారు. కాగితం మీద అది దంపుడువాళ్లకు అండ. ఊళ్లలో మాత్రం రోళ్లు ఒక్కొక్కటిగా మూలపడ్డాయి. హల్లర్ మిల్లులో తవుడూ ఊక ముక్కలూ కలిసిపోయి వచ్చేవి. రబ్బరు రోళ్ల మిల్లులు వచ్చాక తవుడు విడిగా, శుభ్రంగా రాసాగింది. అట్లా శుభ్రపడిన రోజు నుంచే దానికి వేరే గిరాకీ మొదలైంది.

తవుడులో నూనె ఉంటుంది, నూటికి పన్నెండు నుంచి ఇరవై పాళ్ల దాకా. ఆ నూనె వల్లే పచ్చి తవుడు నాలుగు రోజులకు ముక్క వాసన వేస్తుంది. రసాయనంతో ఆ నూనెను పిండే ఫ్యాక్టరీలు వచ్చాయి. నూనె మొదట సబ్బుల్లోకి, తర్వాత వంటింట్లోకి పోయింది. నూనె పోయిన తవుడు ముక్కిపోదు, నెలల తరబడి బస్తాల్లో నిలవుంటుంది. చెరువుల దగ్గర దీన్ని డీఓబీ అంటారు. చదువురాని పడవ మనిషి కూడా ఆ మూడక్షరాలే పలుకుతాడు.

చేపకు మేత వేసి పెంచడం కొత్త సంగతేమీ కాదు. చైనాలో ఫాన్ లీ పేరు మీద చేపల పెంపకం పుస్తకం క్రీస్తుకు అయిదు వందల ఏళ్ల ముందటిదని చెబుతారు. అక్కడి పెర్ల్ నది డెల్టాలో చెరువు గట్టు మీద మల్బరీ, ఆ ఆకు పట్టుపురుగుకు, పురుగు పెంటా గూళ్లలో మిగిలిన పురుగూ చేపకు, చెరువు బురద మళ్లీ మల్బరీ వేళ్లకు. మనకు దగ్గర్లో బసవకల్యాణ్ ఉంది, జహీరాబాద్ దాటితే ఎంతో దూరం లేదు. అక్కడ ఏలిన చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడి మానసోల్లాసం పన్నెండో శతాబ్దంది. అందులో మత్స్యవినోదమని ఒక అధ్యాయమే ఉంది. గాలం వేసే రాజుగారి సరదా కోసం చేపల రకాలు, వాటికి వేసే మేత అందులో రాశారు. ఆ మేత కలిపి నీళ్లలో వేసిన చేతులెవరివో మాత్రం ఆ అధ్యాయం నుంచి తెలుసుకోలేం.

బెంగాల్‌లో ఇంటి చెరువు చేపకు తవుడూ ఆవచెక్కా కలిపి వేయడం పాత అలవాటు. మన వైపు ఆవచెక్క బదులు వేరుశనగ చెక్క. అయితే అప్పట్లో పిల్ల చేపలు నదుల్లో ఏరుకొచ్చినవే. దొరికినప్పుడు దొరికేవి, లేనప్పుడు లేవు. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అలికున్హి చేపకు పిట్యుటరీ గ్రంథి రసం సూది వేసి చెరువు దగ్గరే గుడ్లు పెట్టించారు. దేశమంతా జులై 10ని చేప రైతుల దినంగా జరుపుకునేది అందుకే. పిల్లల కొరత తీరే దారి దొరికింది. ఆ తర్వాత మిగిలిన ప్రశ్న మేత. 1971లో మొదలైన ప్రభుత్వ పరిశోధన పథకం ఒకే చెరువులో ఆరు రకాలు కలిపి పెంచమంది. బొచ్చె, రవ్వ, మోసు మన చేపలు. వెండి చేప, గడ్డి చేప, బంగారు తీగ బయటి నుంచి తెచ్చినవి. పైన తినేది పైన, నడుమ తినేది నడుమ, అడుగున తినేది అడుగున తింటుందని లెక్క.

ఇప్పుడు కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లు అందులో చేరి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. అక్కడ తరతరాలుగా చేపలు పట్టింది ఎక్కువగా వడ్డీలు. 1970ల నడుమ ప్రభుత్వం సహకార సంఘాలు పెట్టించి సరస్సు పల్లంలో చెరువులు తవ్వించింది. పేదల పేరు మీదే మొదలైంది, ఆ సంగతి గుర్తుపెట్టుకోండి. కొన్నేళ్లలోనే ఆ చెరువులు చాలావరకు లీజుల మీద డబ్బున్నవాళ్ల చేతికి పోయాయి. ఎందుకు పోయాయని అడిగితే జనం అమాయకులనో, తాగుబోతులనో చెప్పేవాళ్లున్నారు. మేము ఒప్పుకోం. కారణం మేత. చెరువు తవ్వకానికి సర్కారు డబ్బిచ్చింది, పిల్లల్ని కూడా తెచ్చుకోవచ్చు. కానీ చేప అమ్ముడయ్యే సైజుకు రావడానికి ఏడాది పడుతుంది. ఆ ఏడాదంతా రోజూ బస్తాలు నీళ్లలో పోయాలి. కిలో చేప రావాలంటే రెండు కిలోలకు పైగా మేత కావాలి. పెంపకం ఖర్చులో సగానికి పైగా అదే. తవుడు ఎంత చవకైనా ఏడాది తవుడు చవక కాదు. మేత అప్పిచ్చినవాడు చేప తూకం దగ్గర నిలబడ్డాడు, తర్వాత చెరువు గట్టు మీద నిలబడ్డాడు.

అయినా అక్కడ జరిగిన ఒక పనిని మెచ్చుకోకుండా ఉండలేం. కొల్లేటి రైతులు ఆరు చేపల పాఠాన్ని అప్పజెప్పలేదు. బంగారు తీగ గట్లు తవ్వుతుంది. వెండి చేప బొచ్చె తిండికి పోటీ వస్తుంది, తొందరగా మెత్తబడుతుంది, ధర రాదు. మోసు బురదలో దూరి వలకు చిక్కదు. వాటిని పక్కన పెట్టి రవ్వను ఎక్కువ పాలు, బొచ్చెను తక్కువ పాలు వేసుకున్నారు. రవ్వంటే కోస్తావాళ్ల శీలావతి. హౌరా, అస్సాం మార్కెట్లు అడిగేవి కూడా ఆ రెండే.

రెండోది సంచి పద్ధతి. అంతకుముందు మేతను నీళ్ల మీద చల్లేవాళ్లు, లేదా ముద్దలు చేసి వేసేవాళ్లు. చల్లితే గాలికి ఓ పక్కకు కొట్టుకుపోయేది, ముద్దలు అడుగున కుళ్లేవి. ఎరువుల ఖాళీ ప్లాస్టిక్ సంచికి అడుగు వైపు రెండు మూడు వరసలు సన్నటి రంధ్రాలు పొడిచి, అందులో తవుడూ చెక్కా నింపి, చెరువులో పాతిన వెదుళ్లకు వరసగా కట్టారు. సంచి సగం నీటిలో వేలాడుతుంది. చేపలు రెండు మూడు రోజుల్లోనే అలవాటు పడి ఆ రంధ్రాలకు మూతి పెట్టి గుంజుకు తింటాయి. మేత తేలిపోదు, మునిగిపోదు. గంటా రెండు గంటలకు పడవ మీద పోయి సంచి పైకెత్తి చూస్తే చాలు, ఆకలి ఎంతుందో తెలుస్తుంది. మేత మిగిలిందంటే నీళ్లలోనో చేప ఒంట్లోనో ఏదో తేడా ఉన్నట్టు. ఇది ఏ ప్రయోగశాలలోనూ పుట్టలేదు, చెరువుల మీద పుట్టింది. శాస్త్రవేత్తలు తర్వాత వచ్చి చూసి రాసుకున్నారు.

ఇంత పేద మేతతో చేప ఎట్లా పెరుగుతుందని అడగొచ్చు. డీఓబీలో మాంసకృత్తులు నూటికి పదిహేను పాళ్లకు అటూ ఇటూ, పీచు ఎక్కువ. కానీ రవ్వకు, బొచ్చెకు మనలాగా జీర్ణాశయం ఉండదు. రవ్వకు పొడుగాటి పేగు ఉంటుంది, కొంచెం కొంచెంగా పగలంతా తింటూ పోతుంది. పైగా అది తవుడొక్కటే తినదు. పెంట, సూపర్ ఫాస్ఫేట్ వేసిన చెరువులో నీళ్లు పచ్చబారి కంటికి ఆనని నాచు, సన్నటి నీటి పురుగులు పుడతాయి. బలమైన తిండి ఆ పచ్చనీళ్లే ఇస్తాయి, తవుడు ఒంటికి వేడినిస్తుంది. మిగిలిన లోటు వేరుశనగ చెక్కో పత్తిగింజల చెక్కో తీరుస్తుంది. చెక్క బూజు పడితే విషం, పత్తి చెక్క మితిమీరితే అదీ మంచిది కాదు. కాబట్టి చవక మేతంటే దొరికిందల్లా పోయడం అనుకోవద్దు, దానికి చూపూ చెయ్యీ కావాలి.

ఆ చూపూ చెయ్యీ ఎవరివి? డెల్టా చెరువుల గట్ల మీద గుడిసెలు వేసుకుని కాపలా ఉన్న కుటుంబాల్లో యానాదులు ఎందరో. తెల్లవారకముందే లేచి సంచులు నింపేది, పడవ తోసేది, మధ్యాహ్నం ఖాళీ సంచులు దులిపేది, రాత్రి దొంగల్నీ నీటికుక్కల్నీ చూసుకునేది ఇంటిల్లిపాదీ. మబ్బు పట్టిన రోజు వేకువన చెరువులో ప్రాణవాయువు పడిపోతే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఆ అలికిడి మొదట వినేది గట్టు మీద పడుకున్నవాడే. అట్లాంటి పొద్దు మేత ఆపాలని పుస్తకంలో ఉంది. అతనికి పుస్తకం అక్కర్లేదు, నీటి వాసన చాలు. కానీ అదే మనిషి ముందుగా తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా గట్టు దిగలేని సందర్భాలు మా వాడల్లో అందరికీ తెలిసినవే. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. చెరువుల తవ్వకమూ సరిగ్గా ఆ కాలంలోనే. రెండింటి వయసూ ఒకటే. గట్టు మీది పిల్లలు బడికి పోని సంగతి వేరే వ్యాసం అవుతుంది.

కొండల వైపు నుంచి ఇంకో బస్తా ఈ చెరువులకు వచ్చింది. అది ఇప్ప చెక్క. భద్రాచలం, రంపచోడవరం, పాడేరు ఏజెన్సీల్లో ఎండాకాలం ఇప్పపువ్వు రాలుతుంది, తొలకరి వేళకు కాయ పండుతుంది. ఆ పలుకులు ఏరి, ఎండబెట్టి, సంతకో 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థకో అమ్మేది మా ఆడవాళ్లు. ఛత్తీస్‌గఢ్, ఒడిశా అడవుల్లోనూ ఏరేది ఆదివాసీ ఆడవాళ్లే. నూనె తీశాక మిగిలిన చెక్కలో సపోనిన్ ఉంటుంది. అది చేప మొప్పల గుండా రక్తంలోకి పోయి ఎర్రకణాల్ని పగలగొడుతుంది. కొత్తగా పిల్లల్ని వదిలే ముందు చెరువులోని కొర్రమీను, వాలుగ, జెల్ల లాంటి వేటచేపల్ని తీసేయడానికి మీటరు లోతు నీళ్లున్న హెక్టారుకు రెండు నుంచి రెండున్నర టన్నుల ఇప్ప చెక్క చల్లుతారు. గంటల్లో చేపలు తేలతాయి. అట్లా తేలిన చేపను తినొచ్చు. రెండు మూడు వారాలకు విషం విరిగి, అదే చెక్క ఎరువై నీళ్లను పచ్చబరుస్తుంది. చంపిందే మళ్లీ మేతను పుట్టిస్తుంది.

ఈ కిటుకు మా పెద్దలకు తెలియందా? వాగులు ఎండి మడుగులు మిగిలిన రోజుల్లో ఊరంతా కలిసి మంగకాయలు దంచి నీళ్లలో కలిపి, మత్తెక్కిన చేపల్ని గంపలతో ఎత్తి ఇంటింటికీ పంచుకున్నవాళ్లు వాళ్లు. మంగకాయలోనూ అదే సపోనిన్. కాలేజీలో ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు మాలో ఒకరికి నవ్వొచ్చింది, ఇంత సంగతికి ఇంత పేరా అని. వాడకంలో తేడా మాత్రం ఉంది. వాగులో పంచుకునేది ఊరు. చెరువులో కొర్రమీను పోయి రవ్వ మిగిలితే లాభం ఒకరిది. తెలంగాణ రాష్ట్ర చేపగా కొర్రమీనును 2016లో ప్రకటించారు కదా, మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో దాని కోసం జనం తోసుకుంటారు కదా, పెంపకం చెరువు మాత్రం దాన్ని ముందుగా చంపి మొదలవుతుంది.

కొల్లేటి కథ 1999లో మలుపు తిరిగింది. అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు వన్యప్రాణి అభయారణ్యమన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో యంత్రాలు పెట్టి లోపలి చెరువుల గట్లు తెగ్గొట్టారు. సరస్సు బతకాలి, అందులో మాకు రెండో మాట లేదు. కుళ్లిన మేత, ఎరువుల నీళ్లు ఆ పల్లాన్ని పాడుచేశాయి. కానీ తెగ్గొట్టిన చెరువుల లెక్క ఎకరాల్లో రాశారు. గట్లతో పాటు పోయిన గుడిసెల లెక్క, ఆ పూట నుంచి పని పోయిన పడవ మనుషుల లెక్క ఎవరి పుస్తకంలో రాయాలి? బయట భూములున్నవాళ్లు బయట తవ్వుకున్నారు. వరిపొలాలు చెరువులయ్యాయి. వరి తగ్గిన చోట తవుడు ఇంకో జిల్లా నుంచి కొని తేవడం మొదలైంది.

తవుడు ఇప్పుడు ఎవరికీ వ్యర్థం కాదు. ఆవులూ గేదెలూ కోళ్లూ చేపలూ ఒకే బస్తా కోసం పోటీ. పశువుల దాణా ధర పెరిగి పాల ధర పెరుగుతోందని కేంద్ర ప్రభుత్వం 2023 జులైలో నూనె తీసిన తవుడు ఎగుమతినే ఆపేసింది, ఆ తర్వాత గడువు పొడిగిస్తూ పోయింది. ఒకనాడు దంపుడు ఆడమనిషి కొంగున కట్టుకుపోయిన వస్తువు మీద ఢిల్లీలో నోటిఫికేషన్లు! తండాలో ఒక గేదె ఉన్న ఇల్లు ఇప్పుడు తవుడు కిలోల లెక్కన కొంటోంది. ఎరుకల ఇళ్లలో పంది మేత హోటళ్ల ఎంగిలికి మారింది. చెరువుల్లో కూడా పంగస్ లాంటి చేపలకు ఫ్యాక్టరీ గుళికల మేత వచ్చింది. అది నీళ్ల మీద తేలుతుంది, వాడకం సులువు, ధర వేరే లెక్క.

ఇదంతా మా ఊళ్ల చెరువులకు ఎందుకు పనికొస్తుందంటే, తెలంగాణలో 2016 నుంచి సర్కారు చెరువుల్లో ఉచితంగా చేపపిల్లల్ని వదులుతోంది. పిల్లలొస్తాయి, మేత రాదు. కొల్లేటి సంఘాల దగ్గర మొదట్లో ఏర్పడిన ఖాళీ సరిగ్గా ఇదే. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడు భూమి కొనకుండా 1970 నాటి ఒకటో నిబంధన ఉంది. చిన్న నీటి వనరుల నిర్వహణ పంచాయతీలకు అప్పగించాలని 1996 పెసా చట్టం చెబుతోంది, ఉమ్మడి రాష్ట్రంలో దాని నియమాలు 2011లో వచ్చాయి. అయితే మేత అప్పును ఏ చట్టమూ ఆపలేదు. సంఘం పేరు గిరిజనులది, బస్తాలు పట్నం షావుకారివి, పట్టిన రోజు తూకం కూడా అతనిదే అయితే పట్టా ఎవరి పేరున ఉన్నా ఒకటే.

చిన్న చెరువుకు బస్తాల లెక్క అంత పెద్దది కానక్కర్లేదని మాత్రం చెప్పగలం. పల్చగా పిల్లల్ని వదిలి, పెంట వేసి నీళ్లు పచ్చబరిస్తే సగం మేత అక్కడే పుడుతుంది. చేపల మొత్తం బరువులో నూటికి రెండు మూడు పాళ్ల తవుడు రోజుకు చాలు, చలికాలంలో ఇంకా తక్కువ. ఊరి మిల్లు తవుడైతే జల్లించి ఊక తీసేయాలి, ఊకలో చేపకు పనికొచ్చేది లేదు. నూనె ఉన్న పచ్చి తవుడు బలమైనదే, కాకపోతే ఆడించిన రెండు మూడు రోజుల్లోనే వాడెయ్యాలి. గడ్డి చేపకు గట్టు మీద గడ్డి, కూరాకు తుక్కు. కోళ్లకు వేసే చెదలు చేపలకూ వేయొచ్చు. ఇప్ప చెక్క జోలికి పిల్లలున్నప్పుడు అసలు పోవద్దు. రెండు సంచులు, నాలుగు వెదుళ్లు, పూటపూటా సంచి ఎత్తి చూసే ఒక మనిషి కావాలి. ఆ మనిషికి కూలి ఎంతో, పట్టిన రోజు వాటా ఎంతో గ్రామసభ తీర్మానంలోనే రాయించాలి. మిల్లు తవుడు ముందు ఊరి చెరువుకూ ఊరి పశువులకూ ఇచ్చాకే బయటికి అమ్మాలన్న మాట కూడా ఆ తీర్మానంలోనే రాయించొచ్చు.